డెక్ పక్కన పొదలో టర్కీ పెట్ట గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది, ఏం చెయ్యాలి?

బోస్టన్_బుజ్జి · ఏప్రిల్ 25
మాది మసాచుసెట్స్, ష్రూస్‌బరీ. ఇంటి వెనక చిన్న అడవి ఉంది. పొద్దున్న డెక్ పక్కన ఎండుటాకులు లాగేద్దామని రేక్ పట్టుకెళ్తే రోడోడెండ్రాన్ పొద మొదట్లో ఆకులు కాస్త ఉబ్బెత్తుగా కనిపించాయి. రేక్‌తో ఇలా అన్నానో లేదో, గుడ్లు. అయిదు. కోడిగుడ్డు కన్నా పెద్దవి, ఒక కొస మొనదేలి ఉంది, మీగడ రంగు మీద కారప్పొడి చల్లినట్టు చుక్కలు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. తల్లి ఎక్కడా లేదు. రెండు గంటలు కిటికీ దగ్గర కూర్చుని చూశాను, రాలేదు. మా వీధిలో టర్కీలు బాగా తిరుగుతాయి కాబట్టి అవే అనుకుంటున్నా.

మా అత్తగారు గుడివాడ నుంచి వచ్చి ఉన్నారు. "చల్లబడిన గుడ్డు మురిగినట్టే, పెట్ట వదిలేసి పోయింది" అని తేల్చేశారు. మా ఆవిడేమో ఇంక్యుబేటర్ ఆర్డర్ పెడదామంటోంది. సోమవారం లాన్ వాళ్ళు మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) వెయ్యడానికి వస్తున్నారు. రాత్రి ఇంకా 38 ఫారెన్‌హీట్‌కి పడిపోతోంది. నిజంగా వదిలేసిందా? ఎలా తెలుస్తుంది?

ఎడిసన్_ఈశ్వర్
ఆమ్లెట్.

బోస్టన్_బుజ్జి
మొదటి రిప్లై ఇదే ఉంటుందని మా ఆవిడతో పందెం కట్టా. గెలిచాను, థాంక్స్.

పెరటి_పక్షులు
వదల్లేదు. ఆకులు కప్పి ఉన్నాయన్నారు చూడండి, అదే గుర్తు. వదిలేసే పెట్ట కప్పి పోదు.

అది ఇంకా గుడ్లు పెట్టే దశలో ఉంది. సుమారుగా రోజుకొకటి పెడుతుంది, మధ్యలో ఒకటి రెండు రోజులు ఎగ్గొడుతుంది కూడా. పెట్టే వేళకి వచ్చి, పని కాగానే ఆకులు కప్పి, పగలంతా ఎక్కడో మేస్తుంది. రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. 10, 12 గుడ్లు అయ్యాకే పొదుగుకి కూర్చుంటుంది. అప్పటిదాకా గుడ్డు చల్లగా ఉండడమే మంచిది. మొదటి గుడ్డు దగ్గర్నుంచే వెచ్చబెడితే ఒక పిల్ల ఇవాళ, ఇంకో పిల్ల పది రోజులకి బయటికొస్తాయి. అడవిలో అది కుదరదు, అన్నీ ఒకే రోజు రావాలి, అన్నిటినీ ఒకేసారి వెంటేసుకుని పోవాలి.

ఆకులు ఎలా ఉన్నాయో అలా కప్పెయ్యండి. ఆ పక్కకి వెళ్ళకండి. లాన్ వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఇంక్యుబేటర్ మాట మర్చిపోండి, అడవి పక్షి గుడ్లు ఇంట్లోకి తేవడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు.

నాటుకోడి_నాని
మాది భీమవరం పక్క పల్లె. ఓ నలభై టర్కీలు పెంచుతున్నా, పెంపుడువే అనుకోండి, కానీ జాతి అదే. పై ఆయన చెప్పింది కరెక్ట్. మేము కూడా పెట్టిన గుడ్డు పెట్టినట్టు తీసి చల్లటి గదిలో ఇసుక మీద దాస్తాం, వారం దాకా ఢోకా లేదు. అందులో ప్రాణం నిద్రపోతూ ఉంటుంది. వెచ్చదనం తగిలాకే లేస్తుంది. అత్తగారు చెప్పింది పొదుగు మొదలయ్యాక చల్లబడ్డ గుడ్డు సంగతి. అది వేరు. ఆవిడ మాట పూర్తిగా తప్పు కాదు అని చెప్పండి, ఇంట్లో శాంతి ఉంటుంది.

ఇంకోటి, కోడికి 21 రోజులు, దీనికి 28. మొదటిసారి నేను 21కి పిల్లలు రాలేదని ఓ గుడ్డు పగలగొట్టి చూశా. లోపల కదుల్తోంది. ఆ రోజు అన్నం సయించలేదు.

లెక్కల_మాష్టారు
25న అయిదు ఉన్నాయంటే 19, 20 తేదీల్లో మొదలెట్టి ఉండాలి. మధ్యలో ఒకటి రెండు నాగాలు పోను 11 గుడ్లకి మే 3 లేదా 4. అక్కణ్ణుంచి 28 రోజులు. మే 31, జూన్ 1. రాసిపెట్టుకోండి.

ఎడిసన్_ఈశ్వర్
బారసాల ముహూర్తం కూడా పెట్టేయండి మాష్టారూ.

రౌండ్‌రాక్_రమణ
మీకు ఏప్రిల్ చివర్లోనా? మా టెక్సాస్‌లో అయితే ఇప్పటికే కూర్చుని ఉంటాయి. మా దగ్గర ఉండేది రియో గ్రాండే రకం, తోక కొసలు మీ వాటికన్నా తెల్లగా, గోధుమ రంగులో ఉంటాయి. మార్చి చివర్లో మొదలు. కానీ ఇక్కడ ఇంకో చిక్కు: చలికాలం, వసంతం ఎండిపోతే సగం పెట్టలు అసలు గూడు జోలికే పోవు. గడ్డి లేకపోతే దాక్కునే చోటు లేదు, పురుగు లేకపోతే పిల్లకి తిండి లేదు. కరువు ఏడాది మా ఫ్రెండ్ రాంచ్‌లో వేసవంతా పెట్టలు గుంపులుగా తిరిగాయి, వెనకాల ఒక్క పిల్ల లేదు. మన రైతు విత్తు చేతిలో పట్టుకుని వాన కోసం చూసినట్టే.

బోస్టన్_బుజ్జి
లాన్ వాళ్ళకి ఫోన్ చేశా. "ఏ పొద సార్?" అని మూడుసార్లు అడిగారు. చివరికి పొద చుట్టూ నాలుగు కర్రలు పాతి మా పాప స్కిప్పింగ్ తాడు కట్టా. మధ్యాహ్నం పన్నెండున్నరకి పెట్ట వచ్చింది!! తాడు కింద నుంచి వంగి దూరింది. రెండు గంటలకి పోయింది. ఇప్పుడు ఆరు ఉండాలి, చూడ్డానికి వెళ్ళలేదు.

పెరటి_పక్షులు
గుడ్.

శాకాహారి_శ్యామల
మరి పుంజు ఎక్కడ? కాపలా ఉండదా?

ఓజార్క్_వేటగాడు · ఏప్రిల్ 26
పుంజుకి గూడు ఎక్కడుందో కూడా తెలీదండీ. దాని పని వేరు.

మాది మిస్సోరీ, పదహారేళ్ళుగా టర్కీ వేటకి వెళ్తున్నా. మొత్తం కథ పగటి పొడవుతో మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పొద్దు పెరిగేకొద్దీ ముందు పుంజులకి ఒంట్లో వేడి పుడుతుంది. తల ఎరుపు, తెలుపు, నీలం రంగులు తిరుగుతుంది. తెల్లారకముందే చెట్టు మీద నుంచే గొళగొళమని కూత. పెట్టలకి ఇంకొంచెం ఆలస్యం. ఎండ ముదిరినంత మాత్రాన అవి తొందరపడవు. వాతావరణం కొన్ని రోజులు అటూ ఇటూ జరుపుతుందేమో గానీ కేలెండర్ నడిపేది వెలుతురే. అందుకే ఫ్లోరిడాలో మార్చిలో గుడ్లు, మాకు ఏప్రిల్ మధ్యలో, మసాచుసెట్స్‌లో ఇంకొంచెం తర్వాత.

చలికాలమంతా పెద్ద గుంపుగా ఉన్న పెట్టలు మార్చిలో చీలిపోతాయి. ఒక్కోటి ఒంటరిగా చోటు వెతుక్కుంటూ మైళ్ళు పోతుంది. పొద్దున్న పుంజు దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం గూటికి జారుకుంటుంది. అసలు విశేషం ఏంటంటే రోజూ పుంజు అవసరం లేదు. ఒక్కసారి కలిస్తే ఆ వీర్యాన్ని ఒంట్లో సన్నటి గొట్టాల్లో దాచుకుని నాలుగు వారాలు, ఇంకా ఎక్కువ కూడా, వాడుకుంటుంది. గుడ్లన్నిటికీ అది సరిపోతుంది.

పెట్టలు పొదుగుకి కూర్చోగానే పుంజులు ఒంటరివైపోయి మళ్ళీ కూతలు పెంచుతాయి. మేము వేటకి వెళ్ళేది అప్పుడే. మా దగ్గర వేట సీజన్ ఏప్రిల్ మూడో వారంలో తెరుస్తారు. మా గురి పుంజుల మీదే.

శాకాహారి_శ్యామల
అంటే పెళ్ళి సీజన్‌లో పెళ్ళికొడుకుల్ని కాలుస్తారన్నమాట. ఇంకే నెలా దొరకలేదా?

ఓజార్క్_వేటగాడు
ఆ నెల ఎంచుకున్నదే పెట్టల కోసమండీ. అవి గూట్లో కూర్చుని ఉంటాయి, మా కంట పడవు, పొరపాటున దెబ్బ తగలదు. పుంజు పని అప్పటికే అయిపోయి ఉంటుంది. 1930ల్లో దేశం మొత్తం మీద బాగా తగ్గిపోయాయి. మా మిస్సోరీలో మొదటి వసంతకాలపు సీజన్ మళ్ళీ తెరిచింది 1960లో. లైసెన్స్ డబ్బులతోనే వలలు వేసి పట్టి, వేరే చోట్ల వదిలి, ఇంతవరకూ తెచ్చారు. బుజ్జి గారి పొదలో పెట్ట ఉందంటే కొంత మా పుణ్యమే.

పెరటి_పక్షులు
పుణ్యం దాకా ఒప్పుకుంటా. "పని అయిపోయి ఉంటుంది" దగ్గర ఒప్పుకోను. సీజన్ తొందరగా తెరిస్తే పెట్టలు ఇంకా కలవకముందే పెద్ద పుంజులు పోతాయి, మిగిలిన వాటిలో ఎవరు పెద్దో తేలేదాకా ఆలస్యం, గుడ్లు వెనక్కి జరుగుతాయి. ఇదే అనుమానంతో జార్జియా, అలబామా, టెనెస్సీలో ఈమధ్య తెరిచే తేదీని వెనక్కి తోశారు. ఊరికే తోయరు కదా.

ఓజార్క్_వేటగాడు
అది నిజమే. అక్కడ పిల్లలు తగ్గిపోయాయి, కారణం ఇదొక్కటే అని మాత్రం ఎవరూ తేల్చలేదు. తేదీ వెనక్కి జరిగితే నాకేం బాధ లేదు, నిద్ర లేచే బాధే తప్ప.

మిల్పిటాస్_మూర్తి
"పుంజుకి గూడు ఎక్కడుందో తెలీదు, దాని పని వేరు". ఇది చదివి మా ఆవిడ నా వైపు చూసింది. థ్రెడ్ ఆపండి.

మిల్పిటాస్_మూర్తి
సీరియస్‌గా ఒక డౌట్. మా ఆఫీస్ పార్కింగ్‌లో ఒక పుంజు నెల రోజులుగా నా కారు తలుపుని పొడుస్తోంది. నల్ల టెస్లా, కొత్తది. పక్కన తెల్ల కామ్రీ ఉంటే దాని జోలికి పోదు. ఎందుకు?

పెరటి_పక్షులు
మీ కారు తలుపులో దానికి ఇంకో పుంజు కనిపిస్తోంది. ఎంత రెచ్చిపోతే అదీ అంతే రెచ్చిపోతుంది, ఎప్పటికీ ఓడదు. దుప్పటి కప్పండి, లేదా తెల్ల కారు పక్కకి పార్క్ చేసుకోండి. మీ మీదకి వస్తే వెనక్కి నడవకండి. గొడుగు టప్పున తెరవండి చాలు. మే చివరికి దానంతటదే చల్లబడుతుంది. ఎవరైనా తిండి వేస్తుంటే మాత్రం ముందు అది ఆపించండి, మనుషులంటే భయం పోయేది అక్కడే.

అన్నట్టు మీ కాలిఫోర్నియాలో అవి స్థానికం కాదు. టెక్సాస్ నుంచి తెచ్చి 1959లో వదలడం మొదలెట్టారు. రమణ గారి చుట్టాలే మీ కారు పొడుస్తున్నాయి.

రౌండ్‌రాక్_రమణ
బిల్లు నాకు పంపకండి.

అత్తిలి_అమ్మాయి
పక్కదారి పట్టిస్తున్నా, సారీ. టర్కీని తెలుగులో ఏమనాలి? మా నాన్న సీమకోడి అంటారు. మా అమ్మమ్మ మాత్రం గిన్నీ కోడినే సీమకోడి అనేది.

నాటుకోడి_నాని
మా సంతలో టర్కీ అనే అమ్ముతాం. సీమకోడి అంటే "ఏ సీమ?" అని అడుగుతున్నారు.

లెక్కల_మాష్టారు
సీమ అంటే పరదేశం. సీమచింత, సీమరేగు, సీమకోడి. తమాషా ఏంటంటే ఇంగ్లీషు వాళ్ళు దీన్ని టర్కీ దేశపుదనుకున్నారు, టర్కీ వాళ్ళు దీన్ని "హిందీ" అంటారు, అంటే మన దేశపుదని! ఫ్రెంచి వాళ్ళ పేరు కూడా అదే అర్థం. ఎవరికి వాళ్ళు పక్కింటి మీదకి తోసేశారు. పెంపుడు టర్కీ అసలు ఊరు మెక్సికో. మన దేశానికి జహంగీర్ కాలంలోనే గోవా మీదుగా వచ్చింది. 1612 ప్రాంతంలో ఆయన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని బొమ్మ గీశాడు. మెడ కింద తిత్తులు ఒక్కోటీ లెక్కపెట్టుకోవచ్చు.

ఎడిసన్_ఈశ్వర్
ఆ బొమ్మ గీసే దాకా దాన్ని ఎవరూ తినకుండా ఆపినవాడెవడో గానీ గొప్పవాడు.

బోస్టన్_బుజ్జి · మే 5
అప్‌డేట్. కూర్చుంది. నిన్న మధ్యాహ్నం వచ్చింది, సాయంత్రం అయినా పోలేదు, చీకటి పడింది, అలాగే ఉంది. పొద్దున్న పైన బెడ్‌రూమ్ కిటికీ నుంచి బైనాక్యులర్స్ పెట్టి చూశాను. ముందు ఏమీ కనపడలేదు, ఆకులే. పది నిమిషాలు చూస్తే ఆకుల్లో ఒక కన్ను రెప్ప వేసింది. అక్కణ్ణుంచి మెడ, వీపు విడివిడిగా తెలిశాయి. మెడ నేలకి ఆనించి పెట్టింది. పక్కింటాయన లీఫ్ బ్లోయర్ పెట్టి కంచె దాకా వచ్చినా ఒక్క ఈక కదల్లేదు. మొన్న అది లేనప్పుడు ఒక్కసారి చూశా, పదకొండు. మాష్టారూ, మీకు దండం.

అత్తగారు ఇప్పుడు పూర్తిగా పార్టీ మార్చారు. పెట్టకి లచ్చమ్మ అని పేరు కూడా పెట్టారు. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరే. "ఒంటరిది, ఎవరూ లేరు, 28 రోజులు తిండి ఎలా?" అని రోజూ గుప్పెడు బియ్యం, గిన్నెలో నీళ్ళు పొద దగ్గర పెడుతున్నారు.

పెరటి_పక్షులు
బియ్యం ఇప్పుడే తీయించండి. ప్లీజ్. అది రోజుకి ఒకసారి, ఓ అరగంటో గంటో లేచి మేసి నీళ్ళు తాగి వస్తుంది, ఒక్కో రోజు లేవదు కూడా. దానికి అలవాటే. గూడు దగ్గర తిండి పెడితే వచ్చేది అది కాదు, రకూన్ (రాత్రిళ్ళు తిరుగుతూ గుడ్లు తినే జంతువు).

నాటుకోడి_నాని
+1. ఇక్కడైతే ముంగిస, పిల్లి. తిండి వాసన ఎక్కడుంటే అవి అక్కడ.

బోస్టన్_బుజ్జి
చెప్పాను. "చీమకైనా పెడతాం, పురిటి మనిషికి పెట్టద్దంటావా" అన్నారు. మళ్ళీ చెప్తాను.

అత్తిలి_అమ్మాయి
అత్తగారి మీద కోప్పడకండి. నా కథ వింటే నయం అనుకుంటారు. మాకు నార్త్ కరోలినాలో మూడెకరాల చెక్క ఉంది. పోయిన మే నెలలో గడ్డి మోకాలు దాటిందని మావారు ట్రాక్టర్ అద్దెకి తెచ్చి కోయించారు, నేనే పోరు పెట్టా. చివరి వరసలో పెట్ట లేవలేదు. ఆఖరి క్షణం దాకా లేవదట, కదలకపోవడమే దాని రక్షణ. ట్రాక్టర్‌కి ఆ సంగతి తెలీదు కదా. గుడ్లు కూడా. ఆ మూల ఇప్పటికీ నడవను. ఇప్పుడు జూలై చివరిదాకా కోయకుండా వదిలేస్తున్నాం. ఊరి వాళ్ళు బద్ధకం అనుకుంటున్నారు, అనుకోనీ.

ఓజార్క్_వేటగాడు
మీరు ఒక్కరే కాదండీ. ఎండుగడ్డి కోత, పొదుగు రెండూ ఒకే నెలలో పడతాయి. మా పక్క రైతు పొలం మధ్య నుంచి మొదలెట్టి అంచులకి కోస్తాడు, పారిపోవడానికి దారి ఉంటుందని. పిల్లలున్న పెట్టకి అది పనిచేస్తుంది, గుడ్ల మీద ఉన్నదానికి కాదు.

మిల్పిటాస్_మూర్తి
దుప్పటి పనిచేసింది. పుంజు ఇప్పుడు మా మేనేజర్ బీఎండబ్ల్యూ పొడుస్తోంది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

బోస్టన్_బుజ్జి · మే 14
పోయింది.

రాత్రంతా వాన. పొద్దున్న లేచేసరికి తాడు తెగి కింద ఉంది, పెంకులు పచ్చిక మీద అక్కడొకటి అక్కడొకటి, పచ్చసొన ఆకుల మీద. కెమెరాలో రెండున్నరకి రకూన్, వెనకాల ఇంకోటి. ముందు గిన్నె దగ్గరికి వచ్చింది, ఖాళీ గిన్నె తిరగేసింది, తర్వాత మెల్లిగా పొదలోకి. పెట్ట ఒక్కసారి రెక్కలు విదిలించి పైకి లేచింది, అంతే, ఫ్రేమ్‌లో లేదు. ఈకలు పెద్దగా రాలలేదు కాబట్టి బతికే ఉండాలి. పదకొండూ పోయాయి.

అత్తగారు కాఫీ తాగలేదు. గిన్నె కడిగి లోపల పెట్టేశారు, నాతో ఒక్క మాట లేదు.

శాకాహారి_శ్యామల
అయ్యో.

రౌండ్‌రాక్_రమణ
బియ్యం వద్దని చెప్పారు కదా ముందే. విని ఉంటే...

నాటుకోడి_నాని
రమణ గారూ ఇప్పుడు ఆ మాట అవసరమా.

పెరటి_పక్షులు
నేనే చెప్పా కాబట్టి నేనే అంటున్నా, బియ్యం ఒక్కటే అనుకోకండి. బియ్యం లేకపోయినా ఎక్కువ గూళ్ళ గతి ఇంతే. పిల్లలు బయటపడే గూళ్ళు సగం కూడా ఉండవు, చాలా చోట్ల ఇంకా తక్కువ. రకూన్, స్కంక్, పోసమ్, కాకి, పాము, నక్క, అందరికీ ఇది పండగ నెల. దానికి తోడు రాత్రి వాన. తడిసిన పెట్ట వాసన ఎక్కువ కొడుతుంది, ముక్కుతో వెతికే జంతువులకి సులువు అని చాలామంది చెప్తారు. మే నెల తడిగా ఉంటే ఆ ఏడాది పిల్లలు తక్కువే.

అత్తగారికి ఇది చదివి వినిపించండి.

ఓజార్క్_వేటగాడు
ఇంకో మాట కూడా వినిపించండి. లచ్చమ్మ మళ్ళీ పెడుతుంది. పొదుగు పది రోజుల్లోపే పోయింది కాబట్టి ఒంట్లో ఇంకా ఓపిక ఉంది. ఇంకా మూడో వారంలో పోయి ఉంటే చెప్పలేం. ఏడాది వయసు పిల్ల పెట్టయితే ఊరుకునేది, ఇది ముదురు పెట్టలా ఉంది. గుడ్లు తగ్గుతాయి, ఏడో ఎనిమిదో. దాచుకున్న వీర్యం ఉంటే పుంజు కూడా అక్కర్లేదు, ఉన్నా కొన్ని వెళ్ళి కలుస్తాయి. మే చివర్లో మళ్ళీ కూతలు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. చోటు మాత్రం మారుస్తుంది, మీ పొదకి రాదు.

ఇదే పిల్లలు బయటికొచ్చాక పోయుంటే మళ్ళీ పెట్టడం అరుదు. ఒక విధంగా గుడ్డు దశలో పోవడమే నయం.

లెక్కల_మాష్టారు
మే 24 ప్రాంతంలో మొదలెడితే, ఎనిమిది గుడ్లకి జూన్ 2, 3. మరో 28. జూన్ 30, జూలై 1. ఈసారి పందెం కట్టను, తేదీ మాత్రం రాసి ఉంచుకుంటున్నా.

బోస్టన్_బుజ్జి
వినిపించాను. "సీతారామయ్య గారింట్లో కూడా పిల్లి మొత్తం పిల్లల్ని తినేస్తే కోడి మళ్ళీ పొదుగుకొచ్చింది" అన్నారు. అంటే క్షమించినట్టే. కాఫీ తాగారు.

ఎడిసన్_ఈశ్వర్ · మే 16
అసలు బోస్టన్ చుట్టూ ఇన్ని ఎక్కడినుంచొచ్చాయి? మా న్యూజెర్సీలో కూడా ఉన్నాయి గానీ మీ వాళ్ళు బస్‌స్టాప్‌లో నిలబడతాయట.

పెరటి_పక్షులు
మసాచుసెట్స్‌లో 1851కల్లా ఒక్కటీ మిగల్లేదు. అడవి కొట్టి పొలాలు చేశారు, మిగిలినవి కాల్చుకు తిన్నారు. పెంపుడు ఫారాల పక్షుల్ని వదిలి చూశారు, వాటికి బతకడం రాలేదు. 1972, 73లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి 37 అడవి పక్షుల్ని పట్టి తెచ్చి బెర్క్‌షైర్ కొండల్లో వదిలారు. ఇప్పుడు ముప్ఫై వేల పైమాట.

ఎడిసన్_ఈశ్వర్
37 నుంచి ముప్ఫై వేలా. రకూన్లని దాటుకుని. సరే, నేను ఇంక జోకులు వెయ్యను. (రేపటిదాకా.)

నాటుకోడి_నాని
ఇక్కడ ఫారం పక్షికి బతకడం రాలేదు అన్నారు చూడండి, అది నాకు రోజూ కనిపిస్తుంది. మా పెట్టలు పొదుగుకి కూర్చుంటాయి, కానీ లేచేటప్పుడు ఆకులు కప్పడం మర్చిపోతాయి. కొన్ని మాత్రమే రెండు గడ్డిపోచలు వీపు మీదకి విసురుకుంటాయి, ఎందుకో వాటికే తెలియనట్టు.

బోస్టన్_బుజ్జి · జూలై 14
థ్రెడ్ లేపుతున్నా, తిట్టకండి.

నిన్న సాయంత్రం ఏడున్నర. అత్తగారి ప్రయాణం పదహారున, సూట్‌కేసు తూకం వేస్తున్నాం. మా పాప పెరట్లోంచి కేక. వెళ్తే కంచె పక్కన మేపుల్ చెట్టు కింద ఒక పెట్ట, చుట్టూ పిల్లలు. పావురం కన్నా చిన్నవి, కాళ్ళు మాత్రం పొడుగు. గడ్డిలో మిడతల కోసం అడ్డదిడ్డంగా పరిగెడుతున్నాయి. మేం గోడ పక్కన నిలబడిపోయాం. చీకటి పడుతుంటే పెట్ట ఒక్క ఎగురుతో కింది కొమ్మ ఎక్కి క్లక్, క్లక్ అని పిలిచింది. ఒక్కోటీ ఎగిరింది. ఒకటి కొమ్మ అందక కంచె మీద పడి, మళ్ళీ నేల మీదకి, మళ్ళీ ఎగిరి, నాలుగోసారికి ఎక్కింది. అన్నీ పెట్ట రెక్కల కిందకి సర్దుకున్నాయి. కొమ్మ మీద ఒక పెద్ద ముద్ద, కింద కాళ్ళే కాళ్ళు. ఆరు. అత్తగారు మూడుసార్లు లెక్కపెట్టారు.

పెరటి_పక్షులు
కొమ్మ ఎక్కడం మొదలెట్టాయంటే రెండు వారాల వయసు. అందాకా నేల మీదే తల్లి కింద పడుకుంటాయి, సగానికి పైగా పోయేది అప్పుడే, చలివాన పడితే మరీను. ఆ గండం దాటాయి.

లెక్కల_మాష్టారు
రెండు వారాలు. అంటే జూన్ 30. నేనేమీ అనట్లేదు.

ఓజార్క్_వేటగాడు
అనండి మాష్టారూ, అనండి.

రౌండ్‌రాక్_రమణ
లచ్చమ్మేనా, వేరే పెట్టా?

పెరటి_పక్షులు
చెప్పలేం. కాలికి రింగు ఉంటే తప్ప ఒక పెట్టకీ ఇంకో పెట్టకీ తేడా పట్టడం కష్టం. అదే కావచ్చు, వేరే ఆలస్యపు పెట్ట కావచ్చు.

బోస్టన్_బుజ్జి
అత్తగారు "లచ్చమ్మే, నడక చూస్తే తెలియదూ" అంటున్నారు. ఆవిడతో వాదించి ఎల్లుండి ఎయిర్‌పోర్ట్ దాకా కారు నడిపే ఓపిక నాకు లేదు. బియ్యం డబ్బా మాత్రం నిన్న రాత్రి పై అరలో పెట్టేశారు.

కూకట్‌పల్లి_కిట్టు
కొత్త మెంబర్‌ని. మా బాల్కనీలో ఏసీ వెనక పావురం రెండు గుడ్లు పెట్టింది. ఏసీ సర్వీసు వాళ్ళు శనివారం వస్తున్నారు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఇది కూర్చున్నట్టా, ఇంకా పెడుతున్నట్టా?

పెరటి_పక్షులు
కూర్చుంది. పావురానికి రెండే. సర్వీసు వాయిదా వేసుకోండి, పిల్లలు బయటికి రావడానికే 18 రోజులు. కొత్త థ్రెడ్ తెరవండి కిట్టు గారూ, ఇక్కడ ఇప్పటికే మూడు నెలలయింది.

ఎడిసన్_ఈశ్వర్
పావురం గుడ్డు ఆమ్లెట్‌కి చాలదు.